మా మేస్త్రి అరుపులు, చిన్నాయన నిద్ర

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇబ్రహీంపట్నంలో ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్ళ మధ్య, తరతరాలు చెప్పుకోదగ్గ శపథాలతో, రాయబారాలతో, సంధులతో, చివరికి ఒక మరణంతో ముగిసిన ఘోర సంగ్రామం. ఇట్లా మొదలుపెడదామని కూర్చున్నాను కానీ, రాసింది ఒకసారి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. తరతరాలేమీ లేవు, ఏడాదిన్నర కూడా పట్టలేదు. గోడ నా నడుమెత్తు ఉండేది. మా కుక్క అరిచేది, పక్కింటాయనకు నిద్ర పట్టేది కాదు. యుద్ధమంతా ఇదే. మరణం మాత్రం నిజమే, అది కుక్కది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మన్నెగూడలో మేముండే అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నుంచి గొడవ నడుస్తోంది. నాలుగో అంతస్తు ఆవిడ కుక్క అరుస్తోందట, అయిదో అంతస్తు ఆయన మీటింగులు పాడవుతున్నాయట. ఒకరు చట్టం పెట్టారు, ఇంకొకరు దానికి విరుగుడు చట్టం పెట్టారు, మధ్యలో ఎవరో శుభోదయం పువ్వు పెట్టారు, చివరికి సెక్రెటరీ గారు కుక్క మూతికి తొడిగే ప్లాస్టిక్ జాలీ ఫోటో పెట్టి, మూడు రంగుల్లో దొరుకుతుంది, అందరికీ సమ్మతమేనా అని అడిగారు. బొటనవేళ్ళు టపటపా పడ్డాయి. నేను కూడా ఫోన్ చేతిలో పట్టుకుని, బొటనవేలు దానికి దగ్గరగా తీసుకెళ్ళి, అక్కడే ఆగిపోయాను. ముప్పై దాటీ దాటకముందే నడుం పట్టుకుని లేస్తూ, 'మా కాలంలో' అని మాట మొదలుపెట్టే మన తరం వాళ్ళకు ఇట్లా ఆగిపోవడం అలవాటే కాబట్టి, మీకే చెబుతున్నాను.

అప్పుడు నేను శేరిగూడలో ఇంజనీరింగు చదువుతున్నాను. చదువుతున్నాను అంటే కాలేజీ బస్సు ఎక్కుతున్నాను. బాపుకు బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే దుకాణం, అమ్మ ఇంకో బజారులో బట్టలు కుట్టే చోటికి వెళ్ళేది. పొద్దున అందరం ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో మిగిలేది నాయనమ్మ, కుక్క. నాయనమ్మకు చెవులు వినపడవు. కొంచెం కూడా వినపడవు. పక్కన పటాకులు పేలినా, ఎవరో తలుపు తీశారేమోనని కూడా అనుకోదు. దవాఖానలో చెవి మిషను ఇచ్చారు కానీ, అది పెట్టుకుంటే తల లోపల ఎవరో పప్పు దంచుతున్నట్టు ఉందని తీసి పోపుల డబ్బాలో పెట్టింది. మిషను అక్కడ జీలకర్రతో కలిసి హాయిగా ఉండేది.

కుక్క ఆమె వెనకాల అంగడి నుంచి వచ్చింది. వెనక ఏదో వస్తున్న సంగతి ఆమెకు వినపడలేదు, గేటు వేయబోతే కనపడింది. అప్పటికది లోపలికి వచ్చేసింది. నిలబడి అరవడం తప్ప ఒళ్ళు వంచి పని చేయదు కాబట్టి బాపు దానికి మేస్త్రి అని పేరు పెట్టాడు. నిజానికి ఆ పేరుతో మేమంతా దాన్ని అవమానించాం, ఎందుకంటే ఇంట్లో అందరికంటే ఎక్కువ పని చేసింది అదే. ఎవరైనా గేటు దగ్గరికి వస్తే అది నాయనమ్మ ముందుకు ఉరికి, ఆమె మొహంలోకి చూస్తూ, గొంతు చిరిగేలా అరిచేది. మామూలుగా అరిస్తే ఆమె చూడదని దానికి తొందరగానే అర్థమైంది, అందుకే మామూలుగా అరవడం మానేసింది. గ్యాసు బండ వస్తే ఒక రకంగా, నీళ్ళ ట్యాంకరు వస్తే ఇంకో రకంగా. అన్నిటికంటే విచిత్రం కుక్కర్. కూత వచ్చినప్పుడల్లా మేస్త్రి వంటింటి గడప మీద నిలబడి ఒక్క అరుపు అరిచేది. నాయనమ్మ అది నోరు తెరవడం లెక్కపెట్టి పొయ్యి బంద్ చేసేది. మా ఇంట్లో పప్పు ఎన్నడూ మాడలేదు. ఆ పేరు కూడా నాయనమ్మకే వచ్చింది.

గోడకు అవతల చిన్నాయన ఉండేవాడు. వరుసకు చిన్నాయనే కానీ, సొంత చిన్నాయన లేని లోటు తీర్చేంత కోపం ఉండేది. రాత్రంతా కంపెనీ వాళ్ళను ఇళ్ళ నుంచి ఆఫీసులకు, ఆఫీసుల నుంచి ఇళ్ళకు తిప్పే కారు నడిపి, తెల్లారాక వచ్చి పడుకునేవాడు. వాళ్ళ ఇంట్లో రెండు గదులుంటే, ఒకదానికి రేకులు, అందులో పగలు పడుకుంటే మనిషి వేగిపోతాడు. రెండోదానికి స్లాబు, కానీ దాని కిటికీ సరిగ్గా మా వంటింటి గడపకు ఎదురుగా ఉండేది. అంటే ఆ మనిషి లోకమంతా మేలుకునే వేళకు కళ్ళ మీద తువ్వాలు కట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని పడుకుంటే, మా కుక్కర్ కూసేది, ఆ వెంటనే మేస్త్రి దాన్ని తర్జుమా చేసి అరిచేది. చెవిటి ముసలమ్మకు తెలిసేలా అరిచే కుక్క, దూది పెట్టుకున్న మనిషికి వినపడదా?

ఇప్పుడు గిన్నె గురించి చెప్పాలి. మా దగ్గర పక్కింటి నుంచి గిన్నెలో ఏదైనా వస్తే ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. కూర వస్తే కూర పోవాలి, ఏమీ లేకపోతే గుప్పెడు పచ్చిమిరపకాయలైనా, చెంచాడు చక్కెరైనా వేసి పంపాలి. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు, కానీ ఖాళీ గిన్నె పంపారంటే మాత్రం ఆ ఇంటి అర్థం అందరికీ తెలుసు. మొదటిసారి చిన్నాయన గోడ దగ్గరికొచ్చి ఎర్రటి కళ్ళతో అరిచిన రోజు, నాయనమ్మకు ఒక్క ముక్క వినపడకపోయినా మొహం చూసి విషయం అర్థం చేసుకుని, వేడి వేడి సర్వపిండి గిన్నెలో పెట్టి గోడ మీదుగా అందించింది. చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, తిని, రెండు రోజులకు అదే గిన్నెలో కూర పెట్టి, పైన కుక్కకని నాలుగు ఎముకలు, మా మాటలో బొక్కలు, వేసి పంపింది. శాంతి కుదిరింది.

తర్వాత జరిగింది చూడండి. మేస్త్రి అరవడం, చిన్నాయన లేచి తిట్టడం, నాయనమ్మ గిన్నె పంపడం, చిన్నమ్మ గిన్నెలో బొక్కలు పెట్టి పంపడం. ఇట్లా కొన్ని వారాలు నడిచేసరికి, అరిస్తే బొక్కలు వస్తాయన్న సంగతి మేస్త్రికి బోధపడింది. కుక్కర్ కూయకపోయినా, ట్యాంకరు రాకపోయినా, అది మాంసం వండే ఆదివారం పొద్దున వెళ్ళి నేరుగా చిన్నాయన కిటికీ కింద కూర్చుని, బాకీ వసూలుకు వచ్చినవాడిలా అరవడం మొదలుపెట్టింది. రెండు కుటుంబాలూ కలిసి, ఎంతో మర్యాదగా, ఎంతో ప్రేమగా, ఒక కుక్కకు అరవడం నేర్పించాయి. నేను ఇంజనీరింగులో ఇట్లా తిరిగొచ్చి తనను తానే పెంచుకునే సర్క్యూట్ల మీదే పరీక్ష రాసి తప్పాను కాబట్టి, ఇది నాకూ తట్టలేదు. అంతా అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే తప్ప ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు తెల్లవారాక, డ్యూటీ దిగి వస్తూ, చిన్నాయనకు సాగర్ రోడ్డు మీద కునుకు పట్టింది. కారు డివైడర్ ఎక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఆయనకు మోచేయి గీరుకుంది. కానీ కారు ఆయనది కాదు, ఇంకోసారి ఇట్లా అయితే రావొద్దని కంపెనీ వాళ్ళు చెప్పారు. ఆ మధ్యాహ్నమే మా గిన్నె గోడ మీదుగా తిరిగొచ్చింది. కడిగి, తుడిచి, తళతళలాడుతూ, ఖాళీగా.

నాయనమ్మ ఆ గిన్నెను చేతిలో పట్టుకుని లోపలికి చూసింది, తిప్పి చూసింది, మళ్ళీ లోపలికి చూసింది. మాకు కోర్టు నోటీసు వచ్చినా అంత కంగారుపడేది కాదు.

ఆదివారం పొద్దున మా అరుగు మీద పంచాయితీ పెట్టారు. బజారులో ఏ తగువైనా తీర్చే తాత వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తీర్చడం అంటే, రెండు పక్కల వాళ్ళకూ సమానంగా నష్టం కలిగించడంలో ఆయనకు మంచి పేరుంది. మేస్త్రి నాయనమ్మ మంచం కింద పడుకుని, వచ్చినవాళ్ళందరి చెప్పులూ వాసన చూస్తోంది.

చిన్నాయన నేరుగా నాయనమ్మ వైపు తిరిగి, నోరు పెద్దగా తెరిచి, ఆమెకు అర్థమయ్యేలా చేతులు తిప్పుతూ అన్నాడు, "పెద్దమ్మా, గీ కుక్కనన్న ఉంచు, నన్నన్న ఉంచు. స్టీరింగు మీద పండుకుంటున్న నేను. రేపు నేను పోతే మీ కుక్క వచ్చి నా పిల్లలను సాదుతదా?"

అమ్మకు మండింది. "గట్లెందుకంటవ్ మరిదీ? ముసల్దానికి చెవులు లేకపాయె. గదే ఆమె చెవి."

"మరి చెవి మెల్లగ ఉండాలె గదా అక్కా," అంది చిన్నమ్మ. "మీ చెవి ఒర్రుడుకు మా ఇంట్ల గోడలు సుత నిద్రపోతలేవు."

"నువ్వు బొక్కలేసి మప్పినవు చెల్లె, గది అలవాటు పడ్డది."

"అవ్, తప్పు నాదే. పెట్టినోళ్ళదే తప్పు. మీరైతే ఉత్త పుణ్యానికి మాటలు పెట్టి పెంచిన్రు, గందుకే దానికి గంత నోరు!"

బజారు మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను, చిన్నమ్మ మాటకు నవ్వకుండా ఉండడం కష్టం. బాపు మాత్రం తల దించుకుని కూర్చున్నాడు. చిన్నాయన, ఆయన కలిసి పెరిగారు, ఒకే చెరువులో ఈత నేర్చుకున్నారు. ఎక్కువసేపు మాట్లాడితే తెగిపోతుందని భయపడి, "తియ్, లొల్లెందుకు. బస్తాల ఏసుకపోయి కందుకూరు అవుతల ఇడిసి వస్త," అన్నాడు.

ఆ మాట నాయనమ్మకు వినపడలేదు. బాపు చేతులు బస్తా మూతి కట్టినట్టు చూపించాయి, అది కనపడింది. ఆమె మంచం కిందికి చెయ్యి పెట్టి మేస్త్రి మెడ పట్టుకుంది.

తాత గొంతు సవరించుకున్నాడు. "ఆగురా. కుక్కను ఎల్లగొట్టుడు పాపం. మనిషి నిద్ర చెడగొట్టుడు సుత పాపమే. మధ్యల ఒకటున్నది. పొద్దంత దాని మూతి కట్టుండ్రి, మాపటికి ఇప్పుండ్రి. కుక్క ఇంట్ల ఉంటది, నోరు బంద్ ఉంటది. ఏమంటవ్ వదినా?" అని తన మూతి చుట్టూ వేలు తిప్పి, ముడి వేసి చూపించాడు.

నాయనమ్మ బాపు చేతులు చూసింది, తాత చేతులు చూసింది. బస్తా ముడి ఒకటి, మూతి ముడి ఒకటి. ఏది కావాలో ఎంచుకోమన్నారని ఆమెకు అర్థమైంది. తాత వైపు చూసి తల ఊపింది. అందరం అమ్మయ్య అనుకున్నాం. చాయ్ తెచ్చారు. చిన్నమ్మ, అమ్మ ఒకే పళ్ళెం పట్టుకుని అందరికీ ఇచ్చారు. అంత చక్కటి తీర్పు ఈ మధ్య కాలంలో వినలేదని ఎవరో అంటే, తాత చాయ్‌లో మొహం దాచుకుని సిగ్గుపడ్డాడు.

మర్నాడు పొద్దున మూతి కట్టబోతే మేస్త్రి బాపును కరవబోయింది, నాకు పళ్ళు చూపించింది. చివరికి నాయనమ్మే తన పాత చీర చింపి, అంచు ముక్కతో కట్టింది. ఆమెకు మాత్రం అది మెడ చాపి మూతి ఇచ్చింది. కట్టించుకుని, ఆమె మొహంలోకి చూస్తూ తోక కూడా ఊపింది. గోడ అవతల నుంచి చిన్నమ్మ చూసి, మనుషులకంటే నయం, ఎంత బుద్ధిగా ఉందో అంది. బజారంతా అదే మాట అన్నారు. ఆ వారం మా ఇంట్లో మొదటిసారి పప్పు మాడింది. మాడిన పప్పును మేం వంక పెట్టకుండా తిన్నాం, ఇది శాంతి రుచి అని నేనొక జోకు వేశాను, అందరూ నవ్వారు, ఇంకొంచెం వడ్డించుకున్నారు.

గిన్నెలు మళ్ళీ మొదలయ్యాయి. చిన్నాయన మొహం తేటపడింది. బాపు, ఆయన సాయంత్రాలు మళ్ళీ గోడకు ఆనుకుని మాట్లాడుకునేవాళ్ళు. మేస్త్రి పగలంతా మూతి మూసుకుని నాయనమ్మ వెనకాలే తిరిగేది. గేటు దగ్గర మనిషి నిలబడితే, అరవలేక, తలతో ఆమె మోకాళ్ళను నెట్టేది. ఆమె చూసేది. పని జరుగుతోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాం.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, తెలిసినవాళ్ళు నవ్వకండి. కుక్క నాలుక బయటపెట్టి ఎందుకు రొప్పుతుందో మాలో ఎవరికీ తెలియదు. అలసిపోయో, ఆకలేసో అట్లా చేస్తుందనుకునేవాళ్ళం. దానికి మనలాగ చెమట పట్టదని, ఒంట్లో వేడి అంతా ఆ నోట్లోంచే పోవాలని, మోటార్లు వేడెక్కకుండా చూడడమే బతుకుదెరువైన బాపుకు తెలియదు, ఇంజనీరింగు చదివే నాకు తెలియదు, ఊరి తగువులన్నీ తీర్చిన తాతకూ తెలియదు. మూతి కట్టింది చలి ఇంకా పూర్తిగా పోని రోజుల్లో. తర్వాత ఎండలు ముదిరాయి. ముడి మాత్రం అట్లాగే ఉంది, ఎందుకంటే తీర్పులో ఎండల గురించి ఏమీ లేదు.

ఆ రోజు వడగాలి. నాయనమ్మ తర్వాత చెప్పింది: మధ్యాహ్నం మంచం మీద పడుకుంటే మేస్త్రి వచ్చి కాళ్ళతో మంచం పట్టెను గీకిందట, లేపి ఆమె చెయ్యిని తలతో నెట్టిందట. ఎవరైనా వచ్చారేమోనని లేచి వెళ్ళి గేటు చూసి వచ్చింది. ఎవరూ లేరు. మళ్ళీ గీకింది. మళ్ళీ వెళ్ళి చూసింది. ఎవరూ లేరు. ఆటలాడుతోందనుకుని దాని తల నిమిరి, అటు తిరిగి పడుకుంది. అది ఆమెకు చెప్పాల్సింది చెప్పింది. కాకపోతే ఎప్పుడూ ఎవరో వచ్చారనే చెప్పేది కాబట్టి, ఈసారి కూడా ఆమె గేటు వైపే చూసింది.

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది, ముడి విప్పే వేళ. నాయనమ్మ పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనక, గోడ నీడలో, మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మేస్త్రి అక్కడ పడుకుని ఉంది, మూతి డ్రమ్ము కింది తడి మట్టిలో పెట్టుకుని. ఆమె ముందు ముడి విప్పింది. ముడి బిగిసిపోయి ఉంటే పళ్ళతో కొరికి విప్పింది. విప్పిన అంచు ముక్కను మడిచి బొడ్లో దోపుకుంది. తర్వాత దాని కళ్ళ దగ్గర చీమలు చూసింది.

సరిగ్గా అప్పుడే గోడ అవతల చిన్నాయన లేచి, ఒళ్ళు విరుచుకుంటూ, నిద్ర నిండిన మొహంతో మావైపు వంగాడు. ఆయనకు ఆమె వీపు మాత్రమే కనపడుతోంది. "పెద్దమ్మా, ఇయ్యాల మస్తు నిద్ర పట్టింది. పెండ్లయినంక గింత నిద్ర పోలే. మీ కుక్క బంగారం," అన్నాడు. ఆమెకు వినపడలేదు. నాకు వినపడింది. జీవితంలో నేను విన్న మర్యాదైన మాటల్లో అదొకటి, అందులో అబద్ధం కూడా లేదు.

తర్వాత మీరు ఊహించుకునేదేదీ జరగలేదు. తాత వచ్చి, "దాని ఆయుష్షు గంతే," అన్నాడు. చిన్నాయన గడ్డపార తెచ్చి, ఎవరూ అడగకుండానే, చెమటలు కక్కుతూ లోతుగా తవ్వి పూడ్చాడు, ఆ సాయంత్రం డ్యూటీకి కొంచెం ఆలస్యంగా వెళ్ళాడు. నాయనమ్మ తిడుతుందని, శాపాలు పెడుతుందని, కనీసం గిన్నె ఖాళీగా పంపుతుందని మేం ఎదురుచూశాం. ఆదివారం చిన్నమ్మ దగ్గర నుంచి కూర గిన్నె వచ్చింది. అలవాటు కొద్దీ పైన నాలుగు బొక్కలు కూడా ఉన్నాయి. నాయనమ్మ బొక్కలు పక్కకు తీసి, కూర మాకు వడ్డించి, గిన్నె కడిగి, సర్వపిండి పెట్టి పంపింది. ఎప్పటికంటే నూనె ఎక్కువ వేసి, ఎప్పటికంటే కరకరలాడేలా చేసింది. మా రెండు ఇళ్ళ మధ్య ఆ తర్వాత మాట తేడా రాలేదు. అంత గట్టి శాంతి నేనెక్కడా చూడలేదు.

ఆమె చేసింది ఒక్కటే. పొద్దున మేమంతా వెళ్ళిపోయాక, కుర్చీ తెచ్చుకుని గేటు లోపల కూర్చుని, గేటు కడ్డీ మీద చెయ్యి పెట్టుకునేది. ఎవరైనా గేటు కదిలిస్తే చేతికి తెలుస్తుందని. ఎండలోనూ అట్లాగే కూర్చునేది. కడ్డీ కాలితే కొంగు చుట్టుకుని పట్టుకునేది. ఇంకో కుక్కను తెద్దామా అని నేను సైగ చేస్తే, ముందు చిన్నాయన కిటికీ వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, వద్దని చెయ్యి ఊపింది. ఆ చెయ్యి అట్లా కడ్డీ మీద పెట్టుకునే ఆమె మిగతా ఏళ్ళు గడిపింది.

ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో ఆ బజారు గుర్తుపట్టలేం. నడుమెత్తు గోడల చోట మనిషెత్తు గోడలు లేచాయి, వాటి మీద గాజు పెంకులు గుచ్చారు. చిన్నాయన కొడుకు ఇంటి మీద ఇల్లు వేశాడు, ఆ కిటికీ మూసేశాడు. గిన్నెలు పోయి ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి, వాటిని తిప్పి పంపాలని ఎవరూ అనుకోరు. పక్కింటివాళ్ళ మీద కోపమొస్తే మొహం చూడకుండానే నాలుగు ముక్కలు టైపు చేసి పడుకోవచ్చు. అప్పుడట్లా కాదు. మొహం చూడాలి, చాయ్ తాగాలి, గిన్నె ఇచ్చిపుచ్చుకోవాలి, నవ్వాలి. అంత ప్రేమగా ఉండేవాళ్ళం కాబట్టే, ఆ మూతి కట్టించగలిగాం. ఆ రోజులు మళ్ళీ రావు అని నిట్టూర్చడం నాకూ ఇష్టమే, కానీ ఎవరైనా విని నిజంగా తెచ్చిస్తారేమోనని భయం. గ్రూపులో ఆ జాలీ ఫోటో కింద నా బొటనవేలు ఇంకా పడలేదు.

మేస్త్రి పోయిన ఆ ఎండల్లోనే బాపు, నాయనమ్మ అట్లా గేటు దగ్గర కూర్చుంటే లాభం లేదని, ఆమె కోసం బస్టాండు దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద చప్పుడు చేసే కాలింగ్ బెల్లు కొనుక్కొచ్చి గోడకు బిగించాడు. అది ఆమెకు వినపడలేదు. చిన్నాయన లేచాడు. సాయంత్రానికల్లా బాపు దాన్ని బంద్ పెట్టి, పడేయడం ఎందుకని ఇంట్లో దాచాడు. ఇప్పుడది మన్నెగూడలో మా తలుపుకు ఉంది, బాగానే పనిచేస్తోంది. రెండు పెన్సిల్ సెల్లులు పడతాయి, డబ్బాలో రావు, విడిగా కొనుక్కోవాలి.